డోరు కింద మూసిన తూట్లు

నా మేస్త్రీ తను చేసిన తప్పును నా మీద వేసి, ఆ సంగతి నాకు చెప్పకుండానే పోయిన నెల చచ్చిపోయాడు.

చచ్చిపోయాడు అని రాయకూడదట. ఈ స్మృతి పుస్తకం వేస్తున్న మెకానిక్కుల సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "మంచి మాటలు నాలుగు రాయప్పా, ఫొటో పక్కన ఏస్తాం. పరమపదించినారు అని మొదలుపెట్టు" అన్నాడు. నేను పదో తరగతి మధ్యలో వదిలేసినవాణ్ణి. నాకు పరమపదం తెలియదు. రాప్తాడు దగ్గర హైవే పక్కన మా రేకుల షెడ్డు తెలుసు. ఒక మంగళవారం పొద్దున ఆ షెడ్డు షట్టరు ఎత్తి, గుండె పట్టుకుని ఆయన అక్కడే కూలబడ్డాడు. తల నా ఒడిలో పెట్టుకుని ఆటోలో అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోయాను. దారిలో ఒకసారి కళ్లు తెరిచాడు.

"షట్టరు దించినావా?"

"దించినా మేస్త్రీ."

"బీగం?"

"ఏసినా. గమ్మునుండు నువ్వు."

అబద్ధం చెప్పాను. షట్టరు బార్లా తెరిచే ఉంది. ఆయన నమ్మి కళ్లు మూసుకున్నాడు. ఆసుపత్రి గేటు కాడికి పోయేసరికి అయిపోయింది. కళ్లు తెరిచిన ఆ కాసేపు ఆయనకు మాట ఉంది, వినడానికి నేనున్నాను. చెప్పాల్సింది ఒకటుంది. ఆయన బీగం గురించి అడిగాడు.

మా పని తెలియని వాళ్ల కోసం కొంచెం చెప్పాలి. కారు డోరు అంచు చుట్టూ ఒక రబ్బరు పట్టీ ఉంటుంది. బీడింగ్ అంటాం. డోరు మూసినప్పుడు అది నలిగి సందు పూడుస్తుంది. పాత అంబాసిడర్ లాంటి కార్లలో ఆ రబ్బరు ఎండలకు గట్టిపడి, తుమ్మ బెరడు మాదిరి చిట్లిపోతుంది. దాన్ని పీకి, కింద పేరుకున్న పాత బంకనంతా గీకి, కొత్తది అతికించాలి. వినడానికి చిన్న పని. నాలుగు డోర్లకు సరిగ్గా చేస్తే నాలుగు రోజులు పడుతుంది. ఎక్కడైనా ఈ బీడింగ్ వాన కోసం వేస్తారు. మా జిల్లాలో దుమ్ము కోసం వేస్తారు. ఆషాఢంలో ఇక్కడి గాలి ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. కళ్యాణదుర్గం వైపు నుంచి ఒక కారు వచ్చి ఆగితే, అందులోంచి దిగిన మనిషి కనురెప్పలు ఎర్రగా ఉంటాయి.

మేస్త్రీది కంబదూరు పక్క పల్లె. వానలు లేక శెనక్కాయ చేను బీడుపెట్టి, చిన్నప్పుడే టౌనుకొచ్చి పని నేర్చుకున్నాడు. బీడింగ్ పనిలో ఆయన్ను మించినవాడు నాకు కనబడలేదు. ఆయన మీద కోపంతో ఒళ్లు మండుతున్న ఈ రోజు కూడా ఆ మాట వెనక్కి తీసుకోను.

రబ్బరు కొనడానికి పోతే అంగడివాడి ముందే దాన్ని పంటితో కొరికేవాడు. "పంటికి ఎదురు తిరగాలప్పా రబ్బరు. ఇది బెల్లం మాదిరి తెగుతాండాది. ఎవునికన్నా అమ్ముకో పో" అనేవాడు. కొన్న రబ్బరును చుట్ట విప్పి గంటసేపు ఎండలో పరిచేవాడు, వంపులు పోవాలని. తర్వాత మెడకు పూసుకునే పౌడరు డబ్బానే తీసి, ఆ రబ్బరుకూ పూసేవాడు, ఎండకు కారు రంగుకు అంటుకోకుండా. ఒక డబ్బా, ఇద్దరికీ. ఆయన చొక్కాకు, పాత కార్లకు ఒకే వాసన వచ్చేది.

ఏడేళ్ల కింద గార్లదిన్నె నుంచి నేను ఆయన దగ్గరికి వచ్చినప్పుడు నాకు పంక్చరు వేయడం తప్ప ఏమీ రాదు. మొదటి డోరుకు రబ్బరు అతికిస్తూ, కొలతకు నాలుగు వేళ్లు తక్కువైతే కొంచెం సాగదీసి సరిపెట్టాను. ఆయన వచ్చి చూశాడు. మూల దగ్గర బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి, మొత్తం పీకి నా చేతికిచ్చాడు.

"గుంజొద్దురా రబ్బర్ని. పండబెట్టు."

"సరిపోయింది కదా మేస్త్రీ?"

"ఈ పొద్దు సరిపోతాది. ఆర్నెల్లకు అది మళ్లీ దాని పొడుగుకు అది పోతాది. అప్పుడు మూలల్లో సందు పడతాది. ఆ పొద్దుకు నువ్వుండవు, నేనుండను, తిట్లు మాత్రం ఉంటాయి."

పని అయిన ప్రతి కారుకూ ఒక పరీక్ష పెట్టేవాడు. వెనక సీటు మీద ఉతికిన తెల్ల తువ్వాలు పరిచి, అద్దాలన్నీ ఎత్తి, మట్టి రోడ్డు మీదికి పోనిమ్మనేవాడు. ఎదురుగా కంకర లారీ కనబడితే ఆయన మొహం వెలిగిపోయేది.

"దాని ఎనకాల పోనీ. ఇంగా దగ్గరికి పోనీ. దుమ్ము తినాల కారు."

"ఏమీ కనపడ్డం లేదు మేస్త్రీ!"

"కనపడకపోతేనే పరీచ్చ."

పది కిలోమీటర్లు పోయి తిరిగొచ్చి తువ్వాలు ఎత్తి ఎండకు పట్టి చూసేవాడు. నా రెండో కారులో తువ్వాలు మీద ఎర్రటి గీత ఒకటి పడింది, ఎర్ర సుద్దతో గీసినట్టు. ఆయన ఏమీ తిట్టలేదు. ఆ తువ్వాలు నా నెత్తికి కట్టాడు. "సాయంత్రం దాకా ఇప్పొద్దు. ఎవురన్నా అడిగితే ఇది నా పని అని చెప్పు" అన్నాడు. టిఫినుకు ఉగ్గాని బజ్జీ బండి దగ్గరికి కూడా ఆ తువ్వాలుతోనే పోయాను. బండి ఆమె అడిగింది, చెప్పాను. ఆమె ఇంకో రెండు బజ్జీలు వేసింది, జాలిపడి. మూడో కారు నుంచి నా తువ్వాళ్లు తెల్లగానే వచ్చాయి.

ఇంతవరకు కృతజ్ఞత. నిజమైనదే. ఇక తూట్ల సంగతి.

ఏ కారు డోరుకైనా అడుగున చిన్న తూట్లు ఉంటాయి. తయారు చేసేటప్పుడే పెడతారు. అద్దం పక్క నుంచి డోరు లోపలికి జారిన వాన నీళ్లు ఆ తూట్ల గుండా కిందికి కారిపోవాలి. మేస్త్రీ వాటిని మూసేవాడు. పాత లారీ ట్యూబును గుండ్రంగా కత్తిరించి, పంక్చరుకు వాడే సొల్యూషన్ బంక పూసి, లోపలి నుంచి అతికించేవాడు. దుమ్ము కిందినుంచి కూడా ఎక్కుతుందని ఆయన లెక్క. అది నిజమే, ఎక్కుతుంది. మా వైపు పని చేసే చాలామంది అలాగే మూస్తారు. ఇక్కడ కారును ఎవరూ నీళ్లు పోసి కడగరు, తడిగుడ్డతో తుడుస్తారు. వాన వచ్చే నాలుగు రోజులూ పాత కారును షెడ్డులోంచి తీయరు. అందుకే ఇన్నేళ్లలో ఆ తప్పు ఆయనకు ఎదురు తిరగలేదు.

నేను ఫోన్‌లో చూసి, ఎవరిదో పాత ఇంగ్లీషు మాన్యువల్ జిరాక్సు తెచ్చుకుని, ఒక్కో మాటకు అర్థం వెతుక్కుంటూ నేర్చుకున్నవాణ్ణి. అందులో బొమ్మ గీసి మరీ ఉంది, ఆ తూట్లు మూయకూడదని. ఆయనకు చూపించాను. షెడ్డులో ఇంకో ముగ్గురున్నారు.

"మేస్త్రీ, ఇవి నీళ్లు పోయే తూట్లంట. మూస్తే డోరు లోపల తుప్పు పడతాదంట."

"నీళ్లా?" అన్నాడు ఆయన. చేతిలో స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, షెడ్డు బయటికి పోయి, అరచెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని ఆకాశం నాలుగు దిక్కులా చూసి వచ్చాడు. "యాడుండాయిరా నీళ్లు? చూపించు, నేను తాగుతా."

అందరూ పడీ పడీ నవ్వారు. నేను కూడా నవ్వాను. అప్పుడు నవ్వకుండా ఉండాల్సింది.

రెండేళ్ల కింద ఒక అంబాసిడర్ వచ్చింది. దాని యజమాని అనంతపురంలో రిటైరైన ఇంజనీరు. వాళ్ల నాయన కొన్న కారట. పాత కార్ల ప్రదర్శనలకు తీసుకుపోతుంటాడు. మేస్త్రీ ఆ నాలుగు డోర్లూ నాకు అప్పగించాడు. "ఇది నీ కారు. నేను చెయ్యి పెట్టను" అన్నాడు. అప్పటికే ఆయన కళ్లకు దగ్గరి చూపు తగ్గింది, బీడింగ్ గాడి కనబడేది కాదు, ఒప్పుకునేవాడు కాదు. నాలుగు రోజులు చేశాను. అతుకులన్నీ డోరు అడుగుకు తెచ్చాను. మూలలు పండబెట్టాను. తువ్వాలు పరీక్ష చేస్తే తువ్వాలు మీద నలక లేదు. తూట్లు మాత్రం మూయలేదు. డోరు లోపలి వైపు ప్యాడ్లు బిగించేముందు ఆయన వచ్చి, వంగి, వేలితో తడిమి చూశాడు.

"మర్చిపోయినావు."

"మర్చిపోలేదు. వద్దు మేస్త్రీ, ఆయన బయట ఊర్లకు తిప్పుతాడు కారు. వానొచ్చే ఊర్లుంటాయి."

"నా షెడ్డులోంచి తూట్లతో కారు పోదు."

ఆయనే కూర్చుని, ట్యూబు కత్తిరించి, నాలుగు డోర్లకూ ఎనిమిది ముక్కలు తన చేత్తో అతికించాడు. చెయ్యి పెట్టనన్న మనిషి.

యజమాని వచ్చి డోరు మూసి ఆ శబ్దం విన్నాడు. మళ్లీ తెరిచి మూశాడు. చిన్నపిల్లాడిలా నాలుగైదుసార్లు. "మా నాయన ఉన్నప్పుడు ఇట్లనే మూసుకుంటాండె" అన్నాడు. బెంగళూరులో పాత కార్లు బాగుచేసే పెద్ద షాపు ఒకటి తన స్నేహితుడిదని, బీడింగ్ పనికి ఇలాంటి చెయ్యి కోసం చూస్తున్నాడని, నా పేరు చెబుతానని అన్నాడు. మేస్త్రీ ఎదురుగానే ఈ మాట అన్నాడు. మేస్త్రీ నా వీపు తట్టి, "పంపించు సార్. ఈడ ఉండి ఏం చేస్తాడు, నా మాదిరి దుమ్ము తింటాడు" అన్నాడు. షాపువాళ్లు ఫోన్‌లో మాట్లాడారు. ఏడాది తర్వాత తమ దగ్గర ఒక చోటు ఖాళీ అవుతుంది, అప్పుడు పిలుస్తామన్నారు. నేను ఆ ఏడాది ఇంగ్లీషు మాన్యువల్ మొత్తం పూర్తిచేశాను. అమ్మకు చెప్పాను. ఊళ్లో అందరికీ చెప్పాను.

ఏడాది అయింది. ఫోన్ రాలేదు. నేను చేస్తే "చూస్తాం" అన్నారు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. యజమాని కూడా ఎత్తలేదు. నేను ఫోన్ చూసుకున్న ప్రతిసారీ మేస్త్రీ పక్కనే ఉన్నాడు.

"రాలేదా?"

"లేదు మేస్త్రీ."

"వస్తాదిలే. పెద్ద షాపోళ్లు, వాళ్లకు పనులుంటాయి. రొవ్వంత ఓపిక పట్టు."

అదే రోజుల్లో ఇంకొకటి జరిగింది. ఒక పొద్దున ఆయన పాత గిరాకీల జాబితా తీసి, ఒక్కొక్కరికే ఫోన్ చేసి కార్లు తెప్పించడం మొదలుపెట్టాడు. డోరు ప్యాడ్లు విప్పి, తను అతికించిన ముక్కలన్నీ స్క్రూడ్రైవరుతో పొడిచి తీసేశాడు. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. ఎందుకని అడిగితే "సర్వీసు" అన్నాడు. నన్ను సాయం రానివ్వలేదు. కళ్లు కనబడక వేళ్లకు గాయాలు చేసుకుంటూ ఒక్కడే చేశాడు. నా మాన్యువల్ మాట ఇన్నాళ్లకు తలకెక్కిందని నేను అనుకున్నాను. గెలిచాననుకున్నాను. ఆ సంతోషంలో ఆయనకు టీ కూడా తెచ్చిచ్చాను.

పదకొండో రోజు కర్మకు ఆ యజమాని వచ్చాడు. ఫొటోకు దండ వేసి, నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ మీద నాకు కోపం లేదప్పా ఇప్పుడు. చిన్నోనివి, తెలీక చేసినావు."

"ఏం చేసినా సార్?"

"అదే, డోర్ల కింద తూట్లు మూసినావు కదా. పోయినేడు మంగళూరు ప్రదర్శనకు పోతే మూడు దినాలు వాన. డోరు ఏసినప్పుడల్లా లోపల బిందెలో నీళ్లు కదిలినట్ల సప్పుడు. ఊరికొచ్చి ఇప్పి చూస్తే అడుగురేకు పుండు మాదిరి అయింది. నేను ఈడికొచ్చినప్పుడు నువ్వు మీ ఊరికి పోయింటివి. పెద్దాయన నీ తరఫున చేతులు పట్టుకున్నాడు. పిల్లోడు నాకు తెలీకుండా మూసినాడు, క్షమించు సార్, వానికి ఏమీ చెప్పొద్దు, బాధపడతాడు అన్నాడు. బంగారం లాంటి మనిషి."

బంగారం లాంటి మనిషి ఫొటోలో నుంచి చూస్తున్నాడు. నా కాళ్ల కింద షామియానా చాప ఉంది, అది తప్ప నాకు ఆ నిమిషంలో ఇంకేమీ గుర్తు లేదు. కర్మ ఇంట్లో, ఆయన భార్య ఎదురుగా, ఆయన అబద్ధం చెప్పాడని ఎలా అనాలి? ఆ మౌనాన్ని యజమాని ఒప్పుకోవడం అనుకుని, ఇంకోసారి భుజం తట్టి పోయాడు. బెంగళూరు షాపుకు నా గురించి ఏం చెప్పి ఉంటాడో అప్పుడు అర్థమైంది.

అందరూ పోయాక మేస్త్రీ భార్యను అడిగాను. ఆమె అన్నం పెడితే తిన్నవాణ్ణి నేను, పెద్దమ్మా అని పిలుస్తాను. గిన్నెలు తోముతోంది. తలెత్తలేదు.

"నీకు తెలుసా పెద్దమ్మా?"

"తెలుసు."

"ఎందుకట్ల చెప్పినాడు?"

"ఆ సారు వచ్చి, ఎవుడు మూసినాడు ఇది అని నలుగురు గిరాకీల ముందర అరిస్తే, నేను అనే మాట నోట్లోంచి రాలేదంట. నలభై ఏండ్లుగా ఈయన్ని తప్పు పట్టినోడు లేడు కదరా. తరవాత నీకు చెప్దామనుకునె. నువ్వు ఊరినించి వచ్చి నవ్వుతా నిలబడితివంట."

"నేను బెంగళూరు పోకూడదనే చెప్పినాడా?"

ఆమె గిన్నె బోర్లించింది. "నువ్వు పోతే షెడ్డు మూసుకోవాలని కూడా అన్యాడు. ఆయప్పకు కండ్లు యాడుండాయి?"

"రెండిట్లో ఏది నిజం?"

"రెండూ. ఒగ పనికి ఒగే కారణం ఉంటాదా యాడన్నా?" అని, తర్వాత నన్ను సూటిగా చూసి, "నువ్వు చెప్పాల్సింది చెప్పుకో. పోయినోనికి పని లేదు, నీకు పని ఉండాది. నేనేమీ అనుకోను" అంది.

ఆమె ఆ మాట అన్నది కాబట్టే ఇది రాస్తున్నాను. లేకపోతే కార్యదర్శి అడిగిన నాలుగు మంచి మాటలు రాసి ఊరుకునేవాణ్ణి. సంతాప సభలో ఒక పెద్దాయన "తప్పు ఎరగని చెయ్యి" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తప్పు ఎరిగిన చెయ్యి అది. బాగా ఎరిగింది. ఎరిగింది కాబట్టే ఊరి కార్లన్నీ పిలిపించి, వేళ్లు కోసుకుని, తన ముక్కలు తానే పీకింది. అన్ని డోర్లూ విప్పింది. నా ఒక్కడి దగ్గర మాత్రం నోరు విప్పలేదు. ఊరందరికీ చేసిన సర్వీసు నాకు చేయలేదు.

ఆయన నాకు పని నేర్పాడు. ఆ పని మీద ఉన్న నా పేరును తీసుకుపోయాడు. మొదటిదానికి దండం పెడతాను. రెండోదానికి పెట్టను. ఈ రెండూ ఒకే మనిషి చేశాడని రాస్తేనే ఇది ఆయన గురించి రాసినట్టు. ఇప్పటికీ షెడ్డులో రబ్బరు కోస్తూ, మూల తిప్పే దగ్గర "చూడు మేస్త్రీ" అని తల తిప్పుతున్నాను. తిప్పాక కోపం వస్తుంది. కోపం తగ్గాక మళ్లీ తిప్పుతాను.

ఇక అంబాసిడర్ యజమాని గారికి. ఈ పుస్తకం మీకు తప్పకుండా అందుతుంది, సంఘం మొదటి ప్రతుల్లో ఒకటి మీ ఇంటికే పంపుతోంది. మీ డోర్ల తూట్లు మూసింది మా మేస్త్రీ. వద్దన్నది నేను. ఆయన మూసిన రోజు షెడ్డులో ఇంకో ఇద్దరున్నారు, వాళ్లు చెప్పడానికి ఒప్పుకున్నారు, పేర్లు అడిగితే ఇస్తాను. పెద్దమ్మను అడగాలంటే ఆమె ఇంట్లోనే ఉంది. మీరు నా మీద జాలిపడక్కర్లేదు, క్షమించక్కర్లేదు. మీ బెంగళూరు స్నేహితుడికి ఏ నోటితో నా పేరు చెడుగా చెప్పారో, అదే నోటితో ఫోన్ చేసి నిజం చెప్పండి. ఉద్యోగం ఇప్పించమని నేను అడగడం లేదు. ఇస్తారో లేదో వాళ్లిష్టం. ఆ తూట్లు నేను మూయలేదని వాళ్లకు తెలియాలి, అంతే.

ఈ పుస్తకం అందిన రోజు నుంచి పదిహేను రోజులు. పదిహేనో రోజు సాయంత్రం ఆరు లోపల, చెప్పానని గానీ చెప్పనని గానీ నాకు జవాబు రావాలి. రాకపోయినా, చెప్పనని వచ్చినా, పదహారో రోజు పొద్దున మొదటి బస్సుకు నేనే బెంగళూరు పోయి, ఆ షాపు గుమ్మంలో నిలబడి చెబుతాను.